ఫ్లో సైటోమీటర్ మొరాయించినప్పుడు: లోపం ఎక్కడుందో అంచెలంచెలుగా కనుక్కునే పద్ధతి

కణాలను ఒక్కొక్కటిగా లేజర్ కాంతి ముందు నడిపి, వాటి నుంచి వచ్చే కాంతిని కొలిచే యంత్రం ఫ్లో సైటోమీటర్. దాని ముందు కూర్చునేవారిలో చాలామందికి ఒక అలవాటు ఉంది. హిస్టోగ్రామ్‌లో పీక్ ఎడమకు, అంటే తక్కువ కాంతి వైపు జరిగిందనిపించగానే చేయి ఆ కాంతిని పట్టే డిటెక్టర్ వోల్టేజ్ మీదికి పోతుంది. 40 వోల్టులు పెంచితే పీక్ మళ్లీ పాత చోటికి వస్తుంది, ఆ రోజు శాంపిళ్లు గడిచిపోతాయి. కాని సిగ్నల్ ఎందుకు తగ్గిందో చెప్పగలిగిన ఆధారం ఆ 40 వోల్టులతోనే చెరిగిపోతుంది. పైగా పాత వోల్టేజ్ దగ్గర లెక్కగట్టిన కాంపెన్సేషన్ (ఒక రంగు కాంతి మరో రంగు డిటెక్టర్‌లోకి చిందడాన్ని తీసేసే దిద్దుబాటు) ఇక చెల్లదు. అందుకే ఈ మార్గదర్శిలో వోల్టేజ్ మార్చమనే సలహా ఎక్కడా కనిపించదు. లోపం ఏ భాగంలో ఉందో ముందు తేల్చుకుని, ఆ తర్వాతే ఆ భాగం మీద చేయి వేయడం ఇక్కడ చెప్పబోయే పద్ధతి.

సీడీ4 (ఒక రకం తెల్ల రక్తకణాల మీది గుర్తు) లెక్కలు, లుకేమియా ప్యానెళ్లు, పరిశోధనశాలల రోజువారీ స్టెయినింగ్ (రంగు అతికించిన యాంటీబాడీలతో కణాలకు రంగు పట్టించడం) వంటివి చూసే రెండు మూడు లేజర్ల బెంచ్‌టాప్ ఎనలైజర్లను దృష్టిలో పెట్టుకుని ఇది రాశాను. పని మొదలుపెట్టే ముందు రెండు జాగ్రత్తలు చెప్పాలి. మెషీన్‌లోంచి కారే ప్రతి చుక్కనూ రక్తం కలిసిన చుక్కగానే భావించి గ్లౌజులు, కళ్లద్దాలు వేసుకోవాలి. లేజర్ల మీది మూతను, దాని భద్రతా స్విచ్‌ను ఎవరూ తప్పించకూడదు. మూసి ఉన్నప్పుడు నిరపాయకరమైన ఈ పెట్టెలో లేజర్లు తెరిస్తే కంటికి హాని చేయగలవు.

మొదటి మెట్టు: బీడ్స్ ఏమంటున్నాయి?

ఫిర్యాదు ఏదైనా సరే, మొదట నడపవలసింది రోగి శాంపిల్ కాదు, బీడ్స్, అంటే తెలిసినంత కాంతితో వెలిగే సూక్ష్మమైన ప్లాస్టిక్ గుండ్లు. కణాలు ప్రతిరోజూ మారతాయి, యాంటీబాడీ పాతబడుతుంది, లైసింగ్ (ఎర్ర రక్తకణాలను పగలగొట్టడం) సరిగా జరగకపోవచ్చు. ఒకే లాట్‌కు చెందిన బీడ్స్ మాత్రం నిన్న ఎంత వెలిగాయో ఈరోజూ అంతే వెలగాలి. నిన్నటి వోల్టేజ్‌లతోనే, తక్కువ ఫ్లో రేటులో, బీడ్స్ నడిపి మూడు విషయాలు చూడాలి: పీక్ ఎక్కడుంది, ఎంత వెడల్పుగా ఉంది, అంటే దాని సీవీ (కొలతలు ఎంత చెదిరాయో చూపే శాతం) ఎంత, కాలంతోపాటు కదులుతోందా నిలకడగా ఉందా. మూడో దాన్ని చూడడానికి ఎక్స్ అక్షం మీద టైమ్, వై అక్షం మీద ఫ్లోరెసెన్స్ పెట్టి ఒక డాట్ ప్లాట్ గీయాలి. దీన్ని చాలామంది వదిలేస్తారు. నన్నడిగితే, మిగిలిన ప్లాట్లన్నీ తీసేసి ఒక్కటే ఉంచుకోమంటే ఇదే ఉంచుకుంటాను.

బీడ్స్ మూడు విషయాల్లోనూ నిన్నటిలాగే ఉంటే మెషీన్ బాగానే ఉన్నట్టు. అప్పుడు మెషీన్‌ను వదిలి శాంపిల్ వైపు తిరగాలి. దాని సంగతి ‘మెషీన్‌ది కాని తప్పు’ అనే భాగంలో ఉంది. బీడ్స్ కూడా తప్పితే రెండో మెట్టుకు వెళ్లాలి. అయితే అంతకుముందు బీడ్స్ సీసాను బాగా కలిపారా, లాట్ మారిందా, లేజర్లు వేసి కనీసం అరగంట అయిందా అన్నవి ఒకసారి సరిచూసుకోవాలి. ఉదయం 9 గంటలకు స్విచ్ వేసి 9:05కి బీడ్స్ ఫెయిలయ్యాయని ఫోన్ చేసినవారు మా దగ్గర తక్కువేమీ కాదు.

రెండో మెట్టు: ఏది తగ్గింది, ఏది తగ్గలేదు

పాడైన ఛానెల్ (ఒక్కో డిటెక్టర్ ఇచ్చే కొలత) కంటే బాగున్న ఛానెల్ ఎక్కువ సమాచారం ఇస్తుంది. కణం ముందుకు, పక్కకు చెదరగొట్టే కాంతులైన ఫార్వర్డ్ స్కాటర్, సైడ్ స్కాటర్‌తో సహా అన్నీ కలిసి తగ్గినా, అన్నిటి సీవీ కలిసి వెడల్పయినా, లోపం అన్ని కాంతులకూ ఉమ్మడిగా ఉన్న చోట, అంటే కణాలు లేజర్లను దాటే ఫ్లో సెల్‌లోనో ద్రవం నడిచే దారిలోనో ఉంటుంది. ఒక లేజర్ కింద ఉన్న డిటెక్టర్లన్నీ తగ్గి మరో లేజర్‌వి బాగుంటే, ఆ లేజర్ శక్తినో, దాని గురినో, లేజర్ డిలేనో (దీన్ని నాలుగో మెట్టులో వివరిస్తాను) అనుమానించాలి. ఒకే ఒక్క డిటెక్టర్ తగ్గి, అదే లేజర్ కింది మిగతావి మామూలుగా ఉంటే ఆ డిటెక్టర్ ముందున్న ఫిల్టర్‌ను, తర్వాత ఆ డిటెక్టర్‌ను చూడాలి. ఉదాహరణకు 488 నానోమీటర్ల నీలి లేజర్ కింద ఎఫ్ఐటీసీ, పర్‌సీపీ అనే రంగులు సరిగా ఉండి పీఈ అనే రంగు ఒక్కటే సగానికి పడిపోయిందంటే లేజర్‌ను నిందించడానికి వీల్లేదు.

ఫ్లో రేటు కూడా ఒక పరీక్షే. ఫ్యాక్స్‌కాలిబర్ వంటి మెషీన్‌లో తక్కువ రేటు నిమిషానికి సుమారు 12 మైక్రోలీటర్లు, ఎక్కువ రేటు 60. రేటు పెంచితే షీత్ (శాంపిల్ చుట్టూ పొరలా ప్రవహించే ద్రవం) మధ్యలో నడిచే శాంపిల్ ధార లావెక్కి, కణాలు లేజర్ కిరణం మధ్యలోంచి కాక అంచులలోంచి కూడా పోతాయి కాబట్టి సీవీ పెరగడం సహజం. తక్కువలో బాగుండి ఎక్కువలో వెడల్పయితే అది లోపం కాదు. తక్కువలో కూడా వెడల్పుగా ఉంటేనే బుడగో, మురికో, గురి తప్పడమో జరిగినట్టు.

మూడో మెట్టు: ద్రవం నడిచే దారి

ఇక్కడ ఎక్కువసేపు ఆగుతాను. నా అనుభవంలో సర్వీస్ ఇంజనీర్‌కు వెళ్లే ఫోన్లలో ఎక్కువ భాగం లేజర్ దగ్గరకు చేరకుండానే, నీళ్ల దగ్గరే తేలిపోతాయి. ఒక ద్రవం చుట్టూ మరో ద్రవం పొరలా ప్రవహిస్తూ కణాలను మధ్యకు తెచ్చే ఏర్పాటును క్రాస్‌లాండ్-టేలర్ 1953లో ప్రకటించాడు. ఇన్ని రంగులూ ఇన్ని లేజర్లూ వచ్చాక కూడా మెషీన్ నిలిచేది ఆ సన్నని ధార నిలకడ మీదే.

ఈవెంట్లు (మెషీన్ లెక్కించే కణాలు) అసలే రాకపోతే ఈ వరుసలో చూడండి. షీత్ ట్యాంకులో ద్రవం ఉందా, వ్యర్థ ట్యాంకు నిండిందా, ట్యాంకు మూత గట్టిగా పడిందా? షీత్ నింపి మూత అరచుట్టు తక్కువ బిగిస్తే పీడనం నిలవదు. ఆ తర్వాత ట్యూబు చూడాలి. శాంపిల్ ట్యూబులోకి గాలి పీడనం ఎక్కించి ద్రవాన్ని పైకి నెట్టే మెషీన్లలో 12×75 మిల్లీమీటర్ల పాలిస్టైరీన్ ట్యూబు అంచు, ఇంజెక్షన్ పోర్టు దగ్గరి ఓ-రింగ్‌కు గాలి చొరకుండా అతుక్కోవాలి. కొలత అదే అయినా అంచు మందం వేరుగా ఉండే చవక ట్యూబులు అక్కడ వదులవుతాయి. సన్నని గీత పడిన ట్యూబు కూడా అంతే. ట్యూబును వెలుతురుకు అడ్డంగా పట్టుకుని మెల్లగా తిప్పితే, అంచు నుంచి వెంట్రుకలా కిందికి దిగే పగులు ఒక కోణంలో తళుక్కుమంటుంది. ట్యూబు మారిస్తే పని జరిగిందా, సరే. లేకపోతే ఓ-రింగ్‌ను పరిశీలించాలి. కొత్త రింగ్ నల్లగా, మెత్తగా, గుండ్రంగా ఉంటుంది. అరిగిన రింగ్ లోపలి అంచు చదునై, గోరుతో తాకితే గట్టిగా తగిలి, పక్కన ఉప్పు తెల్లగా పేరుకుని ఉంటుంది. రెండు రింగులు ఎప్పుడూ సొరుగులో ఉంచుకోండి. ఇవన్నీ సరిగానే ఉంటే థ్రెషోల్డ్‌ను (ఎంత సిగ్నల్ దాటితే కణంగా లెక్కించాలో చెప్పే హద్దును) ఎవరైనా ఎక్కువకు పెట్టారా, లేక వేరే పారామీటరుకు మార్చి వదిలేశారా అని చూడాలి. ముందు రోజు ప్లేట్‌లెట్లు నడిపినవారి టెంప్లేట్ తెరుచుకుని ఉండటం కొత్తేమీ కాదు. అప్పటికీ ఈవెంట్లు రాకపోతే శాంపిల్ సూది మూసుకుపోయి ఉంటుంది.

సూది మూసుకుపోవడాన్ని ల్యాబ్‌లో అందరూ క్లాగ్ అనే అంటారు. అది ఒక్కసారిగా రాదు. ముందు ఈవెంట్ రేటు తగ్గుతూ పెరుగుతూ ఊగుతుంది, టైమ్ ప్లాట్‌లో నిలువు ఖాళీలు పడతాయి, తర్వాతే ఆగిపోతుంది. ట్యూబు తీసి, మెషీన్‌లో ద్రవం దారిని ఖాళీచేసి మళ్లీ నింపే ప్రైమ్ లేదా ఫ్లష్ ఆదేశాన్ని రెండు మూడు సార్లు ఇవ్వాలి. లొంగకపోతే సోడియం హైపోక్లోరైట్ ద్రావణం నడపాలి. మన బజారులో దొరికే 4-5 శాతం ద్రావణాన్ని పదింతలకు పలుచన చేస్తే, అంటే ఒక వంతుకు తొమ్మిది వంతుల డిస్టిల్డ్ వాటర్ కలిపితే సుమారు 0.5 శాతం అవుతుంది, అది చాలు. దాన్ని ఎక్కువ ఫ్లో రేటులో 5 నిమిషాలు, ఆ వెంటనే డిస్టిల్డ్ వాటర్ కనీసం 5 నిమిషాలు నడపాలి. నీళ్లు నడపకుండా ఆపేస్తే మిగిలిన హైపోక్లోరైట్ మరుసటి రోజు మొదటి శాంపిల్‌లోని రంగులను చంపేస్తుంది. మరొక మాట: మన వేసవిలో అలమరలో నెలల తరబడి ఉన్న హైపోక్లోరైట్ బలం తగ్గిపోతుంది కాబట్టి సీసా తెరిచిన తేదీ దాని మీద రాయాలి, పలుచన చేసిన ద్రావణం ఏ రోజుది ఆ రోజే పారబోయాలి. దాన్ని ఆమ్లంతో మాత్రం ఎన్నడూ కలపకూడదు, క్లోరిన్ వాయువు వెలువడుతుంది. క్లాగ్ రాకుండా చూసుకోవడం వీటన్నిటికంటే సులువు. 35 లేదా 40 మైక్రాన్ల జల్లెడలోంచి దించని కణజాల శాంపిల్‌ను, గడ్డలు కట్టిన మజ్జ శాంపిల్‌ను మెషీన్‌కు పెట్టనివ్వకండి.

ఈవెంట్లు మరీ ఎక్కువగా వస్తున్నాయా? 0.22 మైక్రాన్ల ఫిల్టర్‌లో వడకట్టిన నీళ్లను కొత్త ట్యూబులో పెట్టి నడపండి. మామూలు థ్రెషోల్డ్ దగ్గర, తక్కువ రేటులో, సెకనుకు 50 దాటితే మా దగ్గర కారణం వెతకడం మొదలుపెడతాం. క్రమంగా తగ్గుతూ పోతే అది గత శాంపిల్ తాలూకు శేషం. ప్రొపిడియం అయొడైడ్, అక్రిడిన్ ఆరెంజ్ వంటి రంగులు గొట్టాలకు పట్టుకుని చాలాసేపు వదలవు. తగ్గకుండా ఒకే స్థాయిలో ఉంటే షీత్‌నే అనుమానించాలి. ఖర్చు తగ్గించుకోవడానికి పీబీఎస్‌ను (ఫాస్ఫేట్ కలిపిన ఉప్పు ద్రావణాన్ని) ల్యాబ్‌లోనే తయారుచేసి షీత్‌గా వాడడం తప్పు కాదు, మేమూ వాడతాం. కాని నిల్వకు రసాయనం కలపని పీబీఎస్‌ను ట్యాంకులో వారం ఉంచితే అందులో బ్యాక్టీరియా పెరుగుతుంది. ట్యాంకు లోపలి గోడను గ్లౌజు వేలితో తాకితే జారుడుగా తగులుతుంది. అప్పుడు ట్యాంకును, గొట్టాలను కడిగి, షీత్ ఫిల్టర్‌ను మార్చడమే దారి. హైపోక్లోరైట్‌తో లైన్లు కడిగేటప్పుడు షీత్ ఫిల్టర్‌ను పక్కకు తప్పించాలి. లేకపోతే అది పీల్చుకున్న హైపోక్లోరైట్ రోజుల తరబడి కొద్దికొద్దిగా దిగుతూనే ఉంటుంది.

గాలిబుడగ కథ వేరు, దానికి ఒక మెట్టు అంతా ఇవ్వాలి.

నాలుగో మెట్టు: ఎర్ర లేజర్ ఒక్కటే పడిపోతే

మా ల్యాబ్‌లో ఒక సోమవారం జరిగిన సంగతి ఇది. సీడీ3 ఎఫ్ఐటీసీ, సీడీ8 పీఈ, సీడీ45 పర్‌సీపీ, సీడీ4 ఏపీసీ అనే నాలుగు రంగుల ప్యానెల్ (సీడీలు కణం మీది గుర్తులు, వాటి పక్కనున్నవి రంగుల పేర్లు). షీత్ ట్యాంకు అడుగంటితే నేనే హడావిడిగా నింపాను, ఉదయం బీడ్స్ అప్పటికే పాసై ఉన్నాయి కదా అని మళ్లీ నడపలేదు. తర్వాతి మూడు శాంపిళ్లలో సీడీ4 పాజిటివ్ గుంపు కిందికి కుంగి, నెగెటివ్ గుంపును దాదాపు తాకింది. సీడీ3, సీడీ8, సీడీ45 మాత్రం చెక్కుచెదరలేదు. మొదటి రోగి ఒక్కడిదే అయితే సీడీ4 నిజంగా తక్కువేమోనని నమ్మేవాణ్ణి. ముగ్గురిలోనూ ఒకేలా కుంగేసరికి ఆపాను. అప్పుడు బీడ్స్ నడిపితే ఎఫ్ఐటీసీ, పీఈ, పర్‌సీపీ పీకులు సన్నగా నిలబడ్డాయి. ఏపీసీ పీక్ మాత్రం కిందికి జారి, ఎడమవైపు తోక సాచింది. టైమ్ ప్లాట్‌లో ఆ ఒక్క గీతే పాములా మెలికలు తిరుగుతోంది.

ఆ నాలుగు రంగుల్లో ఏపీసీని మాత్రమే ఎర్ర లేజర్ వెలిగిస్తుంది. రెండు లేజర్ల కిరణాలు ఫ్లో సెల్‌లో ఒకే చోట కాక, ఒకదానికొకటి కొద్ది దూరంలో పడతాయి. సెకనుకు కొన్ని మీటర్ల వేగంతో వెళ్లే కణం నీలి కిరణాన్ని దాటిన కొన్ని పదుల మైక్రోసెకన్ల తర్వాత ఎర్ర కిరణాన్ని చేరుతుంది. ఎలక్ట్రానిక్స్ సరిగ్గా అంత వ్యవధి ఆగి, ఎర్ర సిగ్నల్‌ను అదే కణం ఖాతాలో వేస్తుంది. ఈ వ్యవధినే లేజర్ డిలే లేదా టైమ్ డిలే అంటారు. షీత్ ఫిల్టర్‌లో గాలి చేరితే అది స్ప్రింగులా నొక్కుకుని సాగుతూ ధార వేగాన్ని మారుస్తుంది. కణం ముందే రావడమో ఆలస్యం కావడమో జరిగి, ఎలక్ట్రానిక్స్ తెరిచిన కిటికీలోకి సిగ్నల్‌లో సగమే పడుతుంది. ట్రిగ్గర్ అయ్యేది, అంటే కణం వచ్చిందని మెషీన్ గుర్తించేది నీలి లేజర్ దగ్గరే కాబట్టి దాని రంగులకు ఏ నష్టమూ ఉండదు.

ఫిల్టర్ గుండ్రని గూడు పైభాగంలో చిటికెన వేలి గోరంత బుడగ కనిపించింది. పక్కనున్న వాల్వు తెరిచి, గాలి పోయి ద్రవం మాత్రమే ధారగా వచ్చేదాకా వదిలి, మెషీన్‌ను మూడుసార్లు ప్రైమ్ చేసి, పదిహేను నిమిషాలు నీళ్లు నడిపాక ఏపీసీ పీక్ దానంతట అదే పాత చోటికి వచ్చింది. చీకట్లో ఉంచిన ఆ మూడు ట్యూబులనూ అదే రోజు మళ్లీ నడిపి ఫలితాలిచ్చాం.

ఇక్కడ సాఫ్ట్‌వేర్ ఒక ఉచ్చు పన్నుతుంది. లేజర్ డిలేను కొత్తగా లెక్కించే బటన్ చేతికందేంత దగ్గరలోనే ఉంటుంది, బుడగ ఉండగానే నొక్కితే పీక్ బాగుపడినట్టు కూడా కనిపిస్తుంది. కాని మధ్యాహ్నానికి బుడగ తనంతట తాను వెళ్లిపోతే, తప్పు డిలే మాత్రం మిగిలిపోయి ఏపీసీ మళ్లీ పడిపోతుంది. అప్పుడు ఎక్కడ వెతకాలో ఎవరికీ అంతుపట్టదు. కాబట్టి బుడగలు తీసి, ధార నిలకడ పడ్డాక, అయినా తేడా మిగిలితేనే డిలే సరిచేయాలి. ట్యాంకు నింపిన ప్రతిసారీ బీడ్స్ నడపాలన్నది మా ల్యాబ్ గోడ మీదికి ఆ సోమవారమే ఎక్కింది.

బుడగ ఫ్లో సెల్‌లోనే ఇరుక్కుంటే ఒక్క రంగు కాదు, అన్ని సీవీలూ చెడతాయి. కొన్ని మెషీన్లలో ఫ్లో సెల్‌లోని గాలి తీసే ప్రత్యేక ఆదేశం ఉంటుంది. లేనివాటిలో ప్రైమ్ చేయడమే మార్గం, ఒక్కోసారి ఐదారు సార్లు చేయాలి.

ఐదో మెట్టు: కాంతి దారి

ద్రవం నిర్దోషి అని తేలాకే ఇక్కడికి రావాలి. ఒక్క డిటెక్టరే తగ్గితే ముందు ఫిల్టర్‌ను చూడండి. పలువురు పంచుకునే మెషీన్లలో ఒక విద్యార్థి ఎంచెర్రీ అనే ఎర్రగా వెలిగే ప్రోటీన్ కోసం పీఈ ముందున్న 585/42 ఫిల్టర్ తీసి 610/20 పెట్టి, తిరిగి మార్చకుండా వెళ్లడం సర్వసాధారణం. ఫిల్టర్ మీది మొదటి అంకె మధ్య తరంగదైర్ఘ్యం, రెండోది వెడల్పు. 585/42 అంటే 564 నుంచి 606 నానోమీటర్ల దాకా దారి ఇస్తుందని అర్థం. కొన్ని రంగులను పంపి కొన్నిటిని తిప్పికొట్టే డైక్రోయిక్ అద్దాన్ని వెనకముందులుగా పెట్టినా సిగ్నల్ తగ్గుతుంది, హోల్డర్ మీది గుర్తు ఏ వైపు ఉండాలో చూసి పెట్టాలి. డిటెక్టర్ వోల్టేజ్‌లు ఉండగా ఫిల్టర్ తీస్తే గది వెలుతురు నేరుగా డిటెక్టర్‌లోని ఫోటోమల్టిప్లయర్ మీద పడి దాన్ని దెబ్బతీస్తుంది కాబట్టి ముందు వోల్టేజ్‌లు ఆపాలి. ఫిల్టర్‌ను అంచులు పట్టుకునే తీయాలి. విశాఖ వంటి తీర ప్రాంతాల్లో వానాకాలపు తేమకు ఫిల్టర్ల మీద బూజు మచ్చలు కూడా పడతాయి. విడి ఫిల్టర్లను సిలికా జెల్ ఉన్న డబ్బాలో దాచడం మంచిది.

ఒక లేజర్ కింది రంగులన్నీ వారాల తరబడి మెల్లగా దిగుతూ, ధార బాగానే ఉంటే, సాఫ్ట్‌వేర్ చూపే లేజర్ శక్తిని, కరెంటును పాత అంకెలతో పోల్చాలి. శక్తి అదే ఉండి దాన్ని నిలబెట్టడానికి కరెంటు పెరుగుతూ పోతుంటే డయోడ్ ముసలిదవుతోందని గ్రహించవచ్చు. గురి తప్పడాన్ని సరిచేయడం మాత్రం ఇంజనీర్ పని. లోపలి స్క్రూలను తిప్పి చూడాలన్న ఉబలాటాన్ని అణచుకోండి.

ఆరో మెట్టు: గది, కరెంటు, కంప్యూటర్

రాత్రి ఏసీ ఆపేసే అలవాటున్న ల్యాబ్‌లలో మే నెలలో బీడ్స్ ఉదయం ఫెయిలై మధ్యాహ్నం పాసవుతుంటాయి. బయట 42 డిగ్రీలున్నప్పుడు మూసిన గదిలో వేడెక్కిన లోహపు పలక, ఏసీ వేశాక చల్లబడే క్రమంలో అద్దాల గురిని వెంట్రుకవాసి జరుపుతుంది. గది ఉష్ణోగ్రత ఎంతన్నది ఒక ఎత్తు, అది మారకుండా ఉండడం మరో ఎత్తు, రెండోదే ముఖ్యం. మెషీన్‌ను ఆన్‌లైన్ యూపీఎస్ మీదే ఉంచాలి, న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య వోల్టేజ్ 2-3 వోల్టులు దాటితే ఎలక్ట్రీషియన్‌ను పిలవాలి. కంప్యూటర్ మెషీన్‌ను గుర్తించకపోతే కేబుల్ రెండు కొసలూ చూసి, రెండింటినీ ఆపి, ముందు సైటోమీటర్‌ను, తర్వాత కంప్యూటర్‌ను వేయాలి. మాకు ఒకసారి ఆ కేబుల్‌ను ఎలుక కొరికింది. ఎర్రర్ సందేశం మాత్రం ఎలక్ట్రానిక్స్ బోర్డు అన్నది.

మెషీన్‌ది కాని తప్పు

బీడ్స్ పాసై కణాలు తప్పితే అక్కడ వెతకవలసినవి వేరు. పీఈ-సై7, ఏపీసీ-సై7 వంటి జంట రంగులు వెలుతురుకు, వేడికి, ఫిక్సేటివ్‌లో ఎక్కువసేపు నానడానికి విడిపోతాయి. అప్పుడు సై7 ఛానెల్ తగ్గి, అదే కణాలు పీఈ లేదా ఏపీసీ ఛానెల్‌లో లేని పాజిటివ్‌గా కనిపిస్తాయి. ఒకటి తగ్గి మరొకటి పెరిగిందంటే డిటెక్టర్ తప్పు అయ్యే అవకాశం తక్కువ. ఆ యాంటీబాడీ ఒక్కదానితో, పాత సీసా నుంచి ఒక ట్యూబు, కొత్త సీసా నుంచి ఒక ట్యూబు స్టెయిన్ చేసి పక్కపక్కన నడిపితే అరగంటలో తేలిపోతుంది. స్కాటర్‌లో లింఫోసైట్లు, మోనోసైట్లు, గ్రాన్యులోసైట్లు మూడు గుంపులుగా విడకపోతే లైసింగ్‌ను, రక్తం తీసి ఎన్ని గంటలైందన్నదాన్ని చూడాలి. షీత్ ఉప్పునీరై శాంపిల్‌ను డిస్టిల్డ్ వాటర్‌లో కలిపినా రెండింటి వక్రీభవన గుణకం తేడాతో స్కాటర్ చెదురుతుంది. కణాలు ఉబ్బి పగలడం దానికి అదనం.

సార్టర్ (కణాలను బిందువుల్లోకి వేరుచేసి పట్టే సైటోమీటర్) ఉన్నవారికి ఒక్క మాట. 100 మైక్రాన్ల నాజిల్ సాధారణంగా 20 పీఎస్ఐ దగ్గర, 70 మైక్రాన్లది 70 పీఎస్ఐ దగ్గర నడుస్తుంది. ధార పక్కకు వంగినా, బిందువులు విడిపోయే చోటు నిలవకపోయినా, సార్టింగ్ ఆపి, బిందువులను పక్కకు తిప్పే డిఫ్లెక్షన్ ప్లేట్ల వోల్టేజ్ తీసేసి, నాజిల్‌ను నీళ్లలో కొద్ది నిమిషాలు సోనికేట్ చేయాలి. తిరిగి పెట్టాక డ్రాప్ డిలేను (లేజర్‌ను దాటిన కణం బిందువుగా విడిపోయేదాకా పట్టే వ్యవధిని) కొత్తగా కట్టాల్సిందే. ప్లేట్లు తడిగా ఉండగా వోల్టేజ్ ఇవ్వకండి.

ఇంజనీర్‌ను పిలిచేటప్పుడు

మెషీన్ పనిచేయడం లేదని మాత్రమే చెబితే ఇంజనీర్ ఏ విడిభాగం తేవాలో తెలియక ఖాళీ చేతులతో వస్తాడు. ఏ లేజర్, ఏ డిటెక్టర్, ఎప్పటినుంచి, బాగున్న ఛానెళ్లు ఏవి, బీడ్స్ లాట్ ఏది, గత నెల వోల్టేజ్‌లూ సీవీలూ ఎంత, మీరు ఇప్పటికే ఏమేం చేసి చూశారు అన్నవి రాసి, టైమ్ ప్లాట్ బొమ్మతో కలిపి పంపాలి. ఇందుకోసం రోజూ బీడ్స్ అంకెలను తేదీలవారీగా లెవీ-జెన్నింగ్స్ అనే నాణ్యత చార్టులో నింపి ఉండాలి. ఫిర్యాదు వచ్చిన రోజున మొదలుపెడితే పోల్చడానికి నిన్నటి అంకె ఉండదు.

ఇంజనీర్ గురి సరిచేసినా, లేజర్ మార్చినా, ఫ్లో సెల్ శుభ్రం చేసినా ఆ మెషీన్ పాత మెషీన్ కాదు. ఆయన బ్యాగు సర్దుకోకముందే బీడ్స్‌తో కొత్త బేస్‌లైన్ కట్టించి, ఆ ముద్రిత ప్రతి మీద ఆయన సంతకం తీసుకోండి. పాత కాంపెన్సేషన్ సెట్టింగులను ఎవరూ తెరవకుండా వేరే ఫోల్డర్‌లోకి మార్చి, ఒక మామూలు రక్త నమూనాను మరమ్మతు తర్వాత నడిపి, దాని సీడీ4 శాతం కంట్రోల్ పరిధిలో ఉందని చూశాకే మొదటి రోగి ట్యూబు పెట్టండి.